తాత్పర్యం దగ్గరే ఆగిపోతున్న వ్యాసాలు

"ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు." ఈ పద్యానికి తాత్పర్యం చెప్పమంటే చిన్న తరగతి పిల్లలు కూడా గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తారు. ఉప్పూ కర్పూరమూ చూడ్డానికి ఒకేలా ఉన్నా రుచులు వేరు, మనుషుల్లో పుణ్యపురుషులూ అలాగే వేరు. తప్పేమీ లేదు. కానీ రుచి తెలియాలంటే నాలుక మీద వేసుకోవాలి కదా, మరి వేమన "చూడ చూడ" అన్నాడెందుకు? పోలిక కంటికి కనబడేది. అదే కంటికి రెండోసారి పనిపెట్టి, కంటికి అందని రుచి దాకా తీసుకెళ్లాడు. ఆ తర్వాతే మనుషుల మాట ఎత్తాడు. మనుషుల్ని నాలుక మీద వేసుకుని చూడలేం, చూసి చూసే తెలుసుకోవాలి. ఆ రెండో "చూడ" అక్కడ ఊరికే లేదు.

మొదట చెప్పింది తాత్పర్యం, తర్వాత చెప్పింది విశేషం. ఐబీ (ఇంటర్నేషనల్ బ్యాకలారియేట్), కేంబ్రిడ్జ్ ఎ లెవెల్, అమెరికా వాళ్ల అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ లాంటి పై స్థాయి ఇంగ్లిష్ క్లాసుల్లో కవిత ఇచ్చి వ్యాసం రాయమన్నప్పుడు అడిగేది ఈ రెండోదాన్నే. హైదరాబాదులో ఈ కోర్సులు తీసుకునే పిల్లల్లో చాలామంది రాసేది మొదటిది. "ఎల్కేజీ నుంచీ ఇంగ్లిష్ మీడియమే, ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడతాడు, మరి వ్యాసానికి ఆరుకి రెండేంటి?" అని తల్లిదండ్రులు తలపట్టుకుంటారు. వెంటనే గ్రామర్ ట్యూషన్ పెట్టిస్తారు, వొకాబ్యులరీ పుస్తకం కొనిస్తారు. జబ్బు ఒకటైతే మందు ఇంకోటి.

నేను చెప్పేది ఒక్కటే. ఈ వ్యాసం రాయడానికి కావలసిన పద్ధతి మన పద్యం పాఠంలోనే ఉంది. పాతకాలపు పంతుళ్లు పద్యం చెబితే ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం, విశేషం, నాలుగూ చెప్పేవారు. పరీక్షల గైడ్లు వచ్చాక అన్వయం పోయింది, విశేషం కాస్తా "ఇందులో ఉపమాలంకారం ఉన్నది" అనే ఒక్క వాక్యానికి కుంచించుకుపోయింది. పిల్లలు ఆ అలవాటునే ఇంగ్లిష్ క్లాసుకు మోసుకెళ్తున్నారు. ఉపమాలంకారం స్థానంలో సిమిలీ వచ్చింది, అంతే తేడా.

మార్కులు ఎలా వేస్తారో చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఇంగ్లిష్ లిటరేచర్ పరీక్షలో 120 నిమిషాల్లో మూడు వ్యాసాలు రాయాలి, అందులో ఒకటి కవిత మీద. ఒక్కోదానికి 6 మార్కులు: వాదన వాక్యానికి, అంటే థీసిస్‌కి 1, ఆధారాలూ వాటి మీద వ్యాఖ్యకూ కలిపి 4, ఆలోచనలోని లోతుకు 1. భాషకంటూ విడిగా మార్కు లేదు. అర్థానికే అడ్డం వచ్చేంత తప్పులుంటే మాత్రం ఆ నాలుగులో చివరి మార్కు ఇవ్వరు. ఐబీ లిటరేచర్ పేపర్ 1లో ఒక్కో జవాబుకు 20 మార్కులు, నాలుగు భాగాలు: అవగాహనకు 5, విశ్లేషణకు 5, కూర్పుకు 5, భాషకు 5. అక్కడ కూడా భాష పావు వంతే. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడే పిల్లవాడికి ఆ పావు వంతు ఎలాగూ వస్తుంది. పోయేవన్నీ మిగతా ముప్పావులోంచే.

ఇక పని. ఉదాహరణకి మన ఊరి కవితే తీసుకుందాం. సరోజినీ నాయుడు రాసిన "ఇన్ ది బజార్స్ ఆఫ్ హైదరాబాద్", 1912లో వచ్చిన "ది బర్డ్ ఆఫ్ టైమ్" సంపుటిలోది. చాలామంది చిన్న తరగతుల్లోనే చదివేసి ఉంటారు కాబట్టి "ఇది తెలిసిందేగా" అనిపిస్తుంది. అలా అనిపించేదాని మీదే సాధన చేయాలి. ఐదు చరణాలు, చరణానికి 6 పాదాలు, మొత్తం 30 పాదాలు. ఎవరో బజారులో నడుస్తూ వర్తకుల్ని, కంసాలుల్ని, పండ్లవాళ్లని, పూలమ్మాయిల్ని ఏం అమ్ముతున్నారు, ఏం చేస్తున్నారు అని అడుగుతారు. వాళ్లు జవాబు చెబుతారు. తాత్పర్యం ఇంతే, దీనికి వ్యాసంలో రెండు వాక్యాలకు మించి చోటు లేదు.

మొదటి పని అన్వయం. పద్యాన్ని పాదాలుగా కాకుండా వాక్యాలుగా చదవాలి. పాదం చివర ఆగకండి, ఫుల్‌స్టాప్ దగ్గర, ప్రశ్నార్థకం దగ్గర ఆగండి. ప్రతి వాక్యానికీ క్రియ ఎక్కడుందో, కర్త ఎవరో వెతికి పెన్సిల్‌తో గీత పెట్టండి. మన పద్యానికి దండాన్వయం చేసేటప్పుడు, అంటే మాటల్ని వచనం వరసలో పెట్టేటప్పుడు, చేసే పని ఇదే. ఈ కవితకు చేసి చూస్తే వెంటనే ఒక విషయం బయటపడుతుంది. ప్రశ్నలన్నిటికీ క్రియలున్నాయి: అమ్మడం, తూచడం, నూరడం, కేకవేయడం, తయారుచేయడం, అరవడం, వాయించడం, మంత్రం జపించడం, అల్లడం. జవాబుల్లో మాత్రం కర్తా లేదు, ప్రధాన క్రియా లేదు. "శాఫ్రన్ అండ్ లెంటిల్ అండ్ రైస్" అంటే అంతే, "మేము తూస్తున్నాము" అని ఎవరూ అనరు. చేతుల్లో పని ఉన్నవాళ్లు తలెత్తకుండా వస్తువు పేరు మాత్రం చెప్పి ఊరుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు లెక్కపెట్టండి. లెక్కపెట్టడం సాహిత్యం పని కాదనుకుంటారు గానీ, అవధానం చూసిన జాతికి ఆ సందేహం రాకూడదు. మొదటి చరణంలో ఒక ప్రశ్న, రెండులో మూడు, మూడులో ఒకటి, నాలుగులో మూడు, ఐదులో ఒకటి. బజారులో రద్దీ పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగి, చివరికి ఒక్క చోట, పూలమ్మాయిల ముందు, నిలిచిపోతుంది. కవయిత్రి ఇది కావాలని చేసిందా అని పిల్లలు అడుగుతారు. ఆ చర్చ అక్కర్లేదు. కాగితం మీద ఉంది, చదివేవాడి మీద పనిచేస్తుంది, అది చాలు.

తర్వాత చిన్న మాటలు. పిల్లలు జేడ్, ఆంబర్ లాంటి మెరిసే మాటల చుట్టూ సున్నాలు చుడతారు. నిజానికి పని జరిగేది విభక్తుల్లాంటి మాటల దగ్గర. మొదటి చరణంలోని వస్తువుల వర్ణనలో "విత్" ఉంది: ఆంబర్ పలకలతో అద్దాలు, జేడ్ పిడులతో బాకులు. దేనితో చేశారన్నది అక్కడి సంగతి. మూడో చరణం నుంచి "ఫర్" మొదలవుతుంది. పావురాల కాళ్లకోసం గజ్జెలు, నాట్యగత్తెలకోసం వడ్డాణాలు, రాజుకోసం కత్తి ఒరలు, రాబోయే యుగాలకోసం మంత్రాలు, పెళ్లికొడుకు నుదుటికోసం కిరీటాలు. ఐదు "ఫర్"లు. ఆఖరికి "టు": అతని పడకను అలంకరించడానికి, చనిపోయినవాళ్ల నిద్రను పరిమళింపజేయడానికి. "దేనితో" అన్నది "ఎవరికోసం" అయింది, "ఎవరికోసం" అన్నది "ఎందుకు" అయింది. తృతీయ నుంచి చతుర్థికి జరగడం అంటే మన వ్యాకరణంలో ఎవరికైనా అర్థమవుతుంది. ఈ ఒక్క గమనింపు మీద రెండు పేరాలు నిలబడతాయి.

ఛందస్సు సంగతి. ఇంగ్లిష్ మీటర్ అంటే మన పిల్లలు భయపడి వదిలేస్తారు, లేదా ఏది దొరికినా "అయాంబిక్ పెంటామీటర్" అని రాసేస్తారు. గణాలు వచ్చినవాళ్లకు ఇది పెద్ద పని కాదు. గురువు స్థానంలో ఊనిక ఉన్న, అంటే నొక్కి పలికే, అక్షరాన్ని పెట్టుకోండి. అయాంబ్ మన లగం, ట్రోకీ మన గలం, డాక్టిల్ భగణం, అనాపెస్ట్ సగణం. "వాట్ డూ యూ సెల్, ఓ యీ మర్చంట్స్" అంటే భగణం, భగణం, గలం. తప్పు జరిగేది ఒక్క చోట. తెలుగులో దీర్ఘం ఉంటే గురువు, ఇంగ్లిష్‌లో దీర్ఘం ఉన్నంత మాత్రాన ఊనిక రాదు. "ఓ", "యీ" రెండూ దీర్ఘాలే, కానీ ఆ పాదంలో రెండిటి మీదా ఊనిక లేదు. మనం ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు అక్షరాలన్నిటినీ దాదాపు ఒకే బరువుతో పలుకుతాం కాబట్టి చెవిని నమ్ముకుంటే మోసపోతాం. అనుమానం వస్తే నిఘంటువులో ఊనిక గుర్తు చూసుకోండి.

అలా గుర్తులు పెట్టుకుంటూ వెళ్తే ఇంకోటి దొరుకుతుంది. మొదటి 24 పాదాలూ ఊనిక ఉన్న అక్షరంతోనే మొదలవుతాయి. చివరి చరణంలో 26వ పాదం మొదటిసారి ఊనిక లేని "విత్"తో మొదలవుతుంది, మళ్లీ చిట్టచివరి పాదం "టు"తో. నాలుగు చరణాలు దరువు వేసినట్టు నడిచిన పాట సరిగ్గా పూల దగ్గరికి వచ్చేసరికి అడుగు తేలిక చేసింది. "ఈ కవితకు మంచి రిథమ్ ఉంది" అనే వాక్యానికి మార్కు రాదు. ఎక్కడ నడక మారింది, అక్కడ ఏం జరుగుతోంది అని చెబితే వస్తుంది.

ప్రాసలూ అంతే. పాదాంతంలో "రెడ్, బెడ్, డెడ్". రంగు, పడక, చావు. ఈ మూడు మాటలే ఆ చరణం కథంతా చెబుతున్నాయి. ఆఖరి మూడు పాదాల దగ్గర ఇంకొంచెం సేపు ఆగండి. పెళ్లికొడుకు పడక వచ్చింది. తర్వాత "షీట్స్", అంటే దుప్పట్లు. తర్వాత "స్లీప్", నిద్ర. పడక, దుప్పటి, నిద్ర, మూడూ ఒకే గదిలో ఉండాల్సిన మాటలు. కానీ పడక పెళ్లికొడుకుదైతే, దుప్పటీ నిద్రా పోయినవాళ్లవి. పరీక్షించాలంటే మాట మార్చి చూడండి. "నిద్ర" తీసేసి "శరీరం" పెట్టండి. వాక్యం కూలిపోదు, కానీ పడకకూ పాడెకూ మధ్య ఉన్న దారం తెగిపోతుంది. మాట మార్చి చూడ్డం అన్నిటికంటే పదునైన పనిముట్టు. ఆ మాటే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు దొరికే చోటు అదే. మన ఆలంకారికులు ఔచిత్యం అన్నది దీన్నే.

ఊరి గురించి తెలిసినదాన్ని ఎక్కడ వాడాలో కూడా ఇక్కడే చెప్పాలి. హైదరాబాదు పిల్లలు ఈ కవిత మీద రాస్తే మొదటి పేరా నిండా చార్మినార్, లాడ్ బజార్ గాజులు, కవయిత్రి ఇదే ఊళ్లో 1879లో పుట్టారన్న సంగతీ ఉంటాయి. వాటిలో ఒక్కదానికీ మార్కు లేదు, ఎందుకంటే కవితలోని ఒక్క మాటనూ అవి విప్పవు. అదే నాంపల్లి యూసుఫైన్ దర్గాలో సమాధి మీద కప్పే పూల చాదర్ చూసిన పిల్లలకి "షీట్స్ ఆఫ్ వైట్ బ్లాసమ్స్" ఊహాచిత్రం కాదు, రోజూ జరిగే పని. పెళ్లికొడుకు ముఖానికి కట్టే పూల సెహ్రా తెలిసినవాళ్లకి "నుదుటి కిరీటం" అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మన పెళ్లిళ్ల బాసికం గుర్తొచ్చినా మంచిదే. అయితే కవితలో ఆ పేర్లు లేవు కాబట్టి ఇది సెహ్రానే అని తీర్పు చెప్పకుండా, అలాంటి ఆచారాన్ని తలపిస్తుంది అని రాయాలి. స్థానిక జ్ఞానం ఒక మాటను విప్పితే ఉంచండి, లేకపోతే కొట్టేయండి. న్యూయార్క్‌లో కూర్చుని ఇదే కవిత చదివే విద్యార్థికి లేని సౌకర్యం ఇది. టూరిస్టు గైడు పేరా రాసి దాన్ని వృథా చేసుకోకండి.

ఇప్పుడు వాదన వాక్యం. "సరోజినీ నాయుడు ఇమేజరీ, రిపిటీషన్, రైమ్ ఉపయోగించి హైదరాబాదు బజారు అందాన్ని వర్ణించారు." ఇది దాదాపు అందరూ రాసే వాక్యం. ఇందులో కాదనడానికి ఏమీ లేదు, అదే దీని లోపం. ఎవరూ కాదనలేని మాట వాదన కాదు. కవిత పేరు మార్చి ఏ బజారు మీద రాసినదానికైనా అతికించొచ్చు. దీని బదులు: "ప్రశ్నలూ జవాబులూ మొదట సరుకుల మెరుపును లెక్కపెడుతున్నట్టు సాగినా, జవాబులు వస్తువు దేనితో చేశారన్నది వదిలి ఎవరికోసమన్నదాని వైపు మళ్లి, పెళ్లికీ చావుకీ ఒకే చేతులు పూలల్లే చోట ఆగి, ఆ మెరుపంతా ఎంతసేపుంటుందన్న అనుమానం మిగులుస్తాయి." ఇందులో "అయినా" ఉంది, మలుపు ఉంది, కవితలోని చోటు ఉంది. వాదన వాక్యంలో "అయినా", "కానీ", "క్రమంగా" లాంటి మాట ఒక్కటీ లేకపోతే మళ్లీ రాయండి. అలంకారాల జాబితా దానిలో పెట్టక్కర్లేదు.

పేరా కట్టడం గురించి ఎక్కువ చెప్పను. ఉటంకింపు రెండు నుంచి ఐదు మాటలు, మీ వాక్యంలోనే ఇమిడిపోవాలి. నాలుగు పాదాలు దింపేసి కింద "దీన్నిబట్టి తెలుస్తుంది" అని రాయడం ఇంటర్ సందర్భసహిత వ్యాఖ్యల అలవాటు, దాన్ని వదిలించుకోవాలి. ప్రతి ఉటంకింపుకూ కనీసం రెండు వాక్యాల వ్యాఖ్య. రాసిన వ్యాసం మీద రెండు హైలైటర్లు పెట్టుకోండి. కవితలో ఏముందో చెప్పిన వాక్యాలకు పసుపు, అది ఎలా పనిచేస్తోందో చెప్పిన వాక్యాలకు ఆకుపచ్చ. మొదటిసారి చేసినప్పుడు కాగితమంతా పసుపు పూసినట్టే ఉంటుంది. కంగారుపడొద్దు, పసుపు వాక్యం పక్కనే ఒక "ఎందుకంటే" పెట్టి ముందుకు నడపండి. "పాఠకుడికి ఆసక్తి కలిగించడానికి" అన్న వాక్యం ఆకుపచ్చగా కనిపిస్తుంది గానీ ఆకుపచ్చ కాదు. ఆ కారణం ఏ కవితకైనా చెప్పొచ్చు.

మనవాళ్ల ఇంగ్లిష్‌లో పదేపదే వచ్చే మూడు తప్పులు చెప్తాను. కవిత లోపల మాట్లాడేవాళ్లు కవయిత్రి కాదు, స్పీకర్. ఈ కవితలో అడిగేది ఎవరో మనకు తెలియదు, కాబట్టి "సరోజినీ నాయుడు బజారులో అడుగుతున్నారు" అని రాయకూడదు. రెండు, కవితలో జరిగేది ఎప్పుడూ వర్తమానంలోనే చెప్పాలి. మనం కథ చెప్పినట్టు "అడిగింది, చెప్పారు" అని భూతకాలంలోకి జారిపోతాం. మూడోది శత్రర్థకం, అంటే "అడుగుతూ" లాంటి అసమాపక క్రియ, నుంచి వచ్చేది. "ప్రశ్నలు అడుగుతూ, ఈ కవిత..." అని ఇంగ్లిష్‌లో మొదలుపెడితే అడిగేది కవిత అవుతుంది. తెలుగులో శత్రర్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒక్కటే ఉండాలని నేర్చుకున్న సూత్రమే అక్కడా పనికొస్తుంది.

"ఇంగ్లిష్‌లోనే ఆలోచించు" అని పిల్లలకు చెప్పే సలహాతో నాకు పేచీ ఉంది. పడకా నిద్రా విడిపోయాయన్న సంగతి పట్టుకోవడానికి ఏ భాషైనా చాలు. తెలుగులోనో ఉర్దూలోనో పక్కవాడితో పావుగంట వాదించి ఆ తర్వాత ఇంగ్లిష్‌లో రాసినవాళ్ల వ్యాసంలో చెప్పడానికి విషయం ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆలోచించమంటే చాలామందికి ముందుగా గుర్తొచ్చేవి గైడులోని తయారు వాక్యాలే.

లోతుకు ఇచ్చే ఆ ఒక్క మార్కు పెద్ద మాటలకు రాదు. "ప్లెథోరా" రాస్తే రాదు. మీ వాదనకు అడ్డం వచ్చేదాన్ని మీరే ఎదుర్కొంటే వస్తుంది. ఈ కవితలో ధరలు లేవు, బేరం లేదు, ఎవరూ ఏమీ కొనరు. అలసిన చేయి ఒక్కటి కూడా కనిపించదు. కాబట్టి ఇది దూరం నుంచి చూసి మురిసిపోయిన బజారేనని ఒకరు అనొచ్చు. ఆ మాట బలమైనదే. దాన్ని ఒప్పుకుని, అయినా చివరి చరణం ఆ మురిపెం మీద నీడ వేస్తోందా లేదా అని తేల్చుకోవాలి. తేల్చుకోవడం కాగితం మీద కనబడాలి.

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలో ఒక వ్యాసానికి 40 నిమిషాలు వస్తాయి. 10 నుంచి 12 నిమిషాలు చదవడానికే ఇవ్వండి. ఒకసారి ఊరికే, ఒకసారి అన్వయానికి, ఒకసారి మలుపు ఎక్కడుందో వెతకడానికి. 3 నిమిషాల్లో వాదన వాక్యం, మూడు ముక్కల ప్రణాళిక. 22 నిమిషాలు రాత. మిగిలింది సరిచూసుకోవడానికి. చదవకుండా రెండో నిమిషంలోనే రాత మొదలుపెట్టినవాళ్లు మూడో పేరాలో మొదటి పేరాను మళ్లీ రాస్తారు, ఎందుకంటే చేతిలో సరుకు లేదు. టైమ్ చాలకపోతే ముగింపు పేరా వదిలేయండి, కవిత ఆఖరి పాదం మీద వ్యాఖ్య మాత్రం వదలొద్దు. సాధనకు వారానికి ఒక కవిత చాలు, 30 పాదాలు మించనిది, చేత్తో రాసుకుని. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పాత ప్రశ్నలు, మార్కులు వేసిన నమూనా వ్యాసాలతో సహా, ఆ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. డబ్బు పెట్టి కొనే గైడు కంటే, 3 వచ్చిన వ్యాసాన్నీ 5 వచ్చిన వ్యాసాన్నీ పక్కపక్కన పెట్టి చదవడం మేలు.

ఈ కవిత మీదే మొదలుపెట్టేవాళ్లకు ఒక పని. 30 పాదాల్లో ప్రశ్న కానిదీ, జవాబు కానిదీ ఒకే ఒక్క వాక్యం ఉంది. "రిచ్లీ యువర్ వేర్స్ ఆర్ డిస్‌ప్లేడ్." రెండో పాదం. అడక్కుండానే సరుకును మెచ్చుకున్నది ఎవరు? ఆ మెచ్చుకోలు మిగతా 28 పాదాల్లో ఎందుకు మళ్లీ వినిపించదు? నాలుగు వాక్యాల్లో రాయండి, అందులో ఒక్కటే పసుపుది ఉండాలి.